చివరి మనిషి నడకే గుంపు నడక

"వచ్చే ఆదివారం దల్మా ఎక్కుదాం" అని కాలనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు. నిమిషాల్లో పాతిక బొటనవేళ్లు లేస్తాయి. శనివారం రాత్రికి సగం మందికి చుట్టాలొస్తారు, డ్యూటీ మారుతుంది, జలుబు చేస్తుంది. తెల్లారి కూడలిలో తేలేది పదిమంది. మధ్యాహ్నమయ్యేసరికి ఆ పదిమందీ మూడు ముక్కలవుతారు. ముందు వెళ్లిన కుర్రాళ్లు ఎక్కడున్నారో ఫోనుకి అందరు. మధ్యలో నలుగురు ఏ దారిన పోవాలో తేల్చుకోలేక చెట్టు కింద నిలబడి ఉంటారు. అందరికంటే వెనక ఒక పెద్దావిడ, ఆవిడకి తోడుగా విసుగు దాచుకుంటున్న కొడుకు. సాయంత్రం ఇల్లు చేరాక ఆవిడ అనే మాట ఒకటే: "ఇంకెప్పుడూ నన్ను పిలవకండ్రా."

మీకూ ఇలా జరిగిందా? జరిగితే ఈ అధ్యాయం మీకోసమే. జరగకపోతే, జరగకుండా చూసుకోవడం కోసం.

ఇక్కడ తప్పు మోకాళ్లది కాదు, వయసుదీ కాదు. ఒక్కరే నడుస్తున్నప్పుడు కాళ్లూ మీవే, ఊపిరీ మీదే, ఎక్కడ కూలబడ్డా అడిగేవాళ్లుండరు. నలుగురితో కలిసి నడిచేటప్పుడు మాత్రం ఎంత వేగంతో పోవాలి, ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి వెనక్కి తిరగాలి అన్నది గడప దాటకముందే మాట్లాడుకోవాలి. నేను చెప్పబోయేదాని సారం ఇంతే: మీ గుంపులో అందరికంటే మెల్లగా నడిచే మనిషెవరో చూసుకుని, ప్రయాణం మొత్తం ఆ మనిషి చుట్టూ కట్టండి. దయతలచి చేసే పని అనుకోకండి. లెక్క ప్రకారం చూసినా అదే సరైనదని కాసేపట్లో చూపిస్తాను.

ఇంత దగ్గర్లో కొండ పెట్టుకుని...

జంషెడ్‌పూర్‌లో ఉంటూ కొండ చూడాలంటే కిటికీ తెరిస్తే చాలు. నగరానికి ఉత్తరాన దల్మా, 926 మీటర్లు. దాని పాదాల దగ్గర డిమ్నా చెరువు. ఊరిని చుట్టుకుని ఒకవైపు సువర్ణరేఖ, ఒకవైపు ఖర్కాయీ, సోనారీ చివర దోముహానీ దగ్గర రెండూ కలుస్తాయి. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టి, 1912లో తొలి ఉక్కు దిమ్మె బయటికొచ్చిన నాటి నుంచీ ఇక్కడికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి మనవాళ్లు పనికి వస్తూనే ఉన్నారు. కద్మాలో, బిష్టుపూర్ రామమందిరం చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అయినా మూడు తరాలుగా ఇక్కడే ఉండి, దల్మాని డాబా మీంచి తప్ప చూడని ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కార్ఖానా ఊళ్ల జనానికి కొండలంటే ఎంత మమకారమో ఇంగ్లండు చరిత్ర చెబుతుంది. మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో వారమంతా పొగ మింగిన కార్మికులు ఆదివారం వస్తే గుంపులుగా కొండలెక్కేవాళ్లు. ఆ కొండలు జమీందార్ల వేట భూములు. 1932 ఏప్రిల్ 24న వందలాదిమంది కలిసి కిండర్ స్కౌట్ అనే కొండమీదికి అనుమతి లేకుండానే నడిచారు. ముందు నిలబడిన బెన్నీ రాత్‌మన్ వయసు ఇరవై ఏళ్లు. ఆయనతో కలిపి అయిదుగురికి జైలు శిక్ష పడింది. నడిచే హక్కు కోసం జైలుకెళ్లినవాళ్లు! మనకి ఆ ఇబ్బంది లేదు. కావాల్సిందల్లా కాస్త ముందుచూపు.

ఒక్కసారిగా పెద్ద నడకకి దిగకండి. మొదటి నెల జూబిలీ పార్కులో పొద్దుటి పూట నడవండి, కానీ విడివిడిగా కాదు, ఒకే గుంపుగా. రెండో నెల డిమ్నా చుట్టుపక్కల ఒక పూట. ఆ తర్వాత దల్మా. అందరూ నిలదొక్కుకున్నాక ఘాట్‌శిల లోయలోకి ఒక రోజంతా.

"ఈ వయసులో మొదలుపెట్టి ఏం సాధిస్తాం?" అంటారా? జుగ్‌సలాయ్ గృహిణి ప్రేమలతా అగర్వాల్ 1999లో పిల్లలతో పాటు దల్మా కొండ నడక పోటీకి వెళ్లారు. అప్పటికి ఆవిడకి ముప్పై అయిదు దాటాయి. 1984లో ఎవరెస్టు ఎక్కిన తొలి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ ఈ ఊళ్లోనే టాటా స్టీల్ సాహస సంస్థను నడిపేవారు. ఆవిడ దగ్గర శిక్షణ పొంది ప్రేమలత 2011 మే 20న, 48 ఏళ్ల వయసులో ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. 2013కల్లా ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేశారు. మిమ్మల్ని ఎవరెస్టు ఎక్కమనడం లేదు. ఆ దారి దల్మా మీద, పిల్లలతో కలిసి నడిచిన ఒక నడకతోనే మొదలైందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఘాట్‌శిల నడక: ఎందుకంత ఊరిస్తున్నాను?

టాటానగర్‌లో ఖరగ్‌పూర్ వైపు వెళ్లే లోకల్ ఎక్కితే ఆసన్‌బనీ, రాఖా మైన్స్, గాలుడీ, ఆ తర్వాత ఘాట్‌శిల. రాఖా మైన్స్ అనే స్టేషన్ పేరులోనే ఈ నేల కథంతా ఉంది. ఇది రాగి నేల. 1924లో ఏర్పడిన ఇండియన్ కాపర్ కార్పొరేషన్ 1930లో ఘాట్‌శిల పక్కన మౌభాండార్‌లో రాగి కరిగించే కార్ఖానా పెట్టింది. సువర్ణరేఖకి అవతల ముసాబనీలో గనులు. తవ్విన ఖనిజం తొట్లలో, తీగల మీద వేలాడుతూ నది దాటి కార్ఖానాకి వచ్చేది. 1972లో ఇవి హిందుస్థాన్ కాపర్ చేతికొచ్చాయి. 2000 దశకం మొదటికి ముసాబనీ గనులు చాలావరకు మూతపడ్డాయి. రెండు రోజులు వీలైతే ఒక రోజు ఈ పాత గనుల ఊళ్లకే కేటాయించండి. పనులు ఆగిపోయిన కాలనీల్లో నడుస్తుంటే ఉక్కు ఊరి మనుషులుగా మనకి తట్టే ఆలోచనలు వేరుగా ఉంటాయి.

రెండో రోజు లోయ. ఘాట్‌శిల నుంచి ఫూల్‌డుంగ్రీ గుట్ట మీదుగా బురుడి చెరువు దాకా ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లు. అక్కణ్ణుంచి సంతాల్ పల్లెల గుండా, సాల వృక్షాల మధ్య ధారాగిరి జలపాతం దాకా ఇంకో అయిదారు. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'పథేర్ పాంచాలీ' రాసిన మనిషి. ఆయన ఈ ఘాట్‌శిలలో ఉండి, ఈ గుట్టల మీద తిరిగి, 1950 నవంబరులో ఇక్కడే కన్నుమూశారు. ఎందుకు ఇక్కడ ఉండిపోయారో బురుడి గట్టు మీద కాసేపు కూర్చుంటే మీకే తెలుస్తుంది.

సరే, ఇక పనిలోకి దిగుదాం.

1. పేర్లు కాదు, మనుషుల్ని రాసుకోండి

"ఎంతమంది వస్తున్నారు?" అన్నది సగం ప్రశ్న. ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, ఎవరి మోకాలికి ఏ చరిత్ర ఉంది, ఎవరు ఏ మందు ఏ వేళకి వేసుకోవాలి? ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటి నుంచి ఎవరికి ఫోను చెయ్యాలో ఆ నంబరు కూడా. ఆ కాగితం ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకరి దగ్గరే కాదు.

ఈ ఊరికి మాత్రమే వర్తించే ఒక ప్రశ్న: శనివారం ఎవరిది నైట్ డ్యూటీ? రాత్రి పదింటికి షిఫ్టుకెళ్లి పొద్దున ఆరింటికి బయటికొచ్చి, స్నానం చేసి నేరుగా నడకకి వచ్చేస్తానంటాడు ఉత్సాహవంతుడైన తమ్ముడు. వద్దనండి. నిద్రలేని కాళ్లు ఎక్కేటప్పుడు బాగానే ఉంటాయి. దిగేటప్పుడు తడబడతాయి, రాళ్ల దారిలో చీలమండ మడతపడేది అప్పుడే. "వచ్చే నెల నీ డ్యూటీ చూసుకునే తేదీ పెడదాంలే" అని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

2. సూర్యుణ్ణి లెక్కలోకి తీసుకోండి

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన బంధువులతో కలిసి నడుస్తున్నారా? వాళ్లకి ఈ సంగతి తట్టదు. జంషెడ్‌పూర్ బాగా తూర్పున ఉంది. డిసెంబరు మొదట్లో సాయంత్రం అయిదింటికల్లా పొద్దు గుంకిపోతుంది. అదే రోజుల్లో హైదరాబాదులో ఇంకో నలభై నిమిషాలు వెలుతురు ఉంటుంది. కొండల మధ్య, చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది.

కాబట్టి లెక్క వేయండి. విలియం నైస్మిత్ అనే స్కాట్లండు కొండల మనిషి 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: అయిదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అది ఒంట్లో సత్తువ ఉన్న, అలవాటున్న మనిషికి. ఇంటిల్లిపాదీ కలిసి నడిచే మన గుంపుకి దాన్ని ఒకటిన్నరతో హెచ్చించండి.

ఘాట్‌శిల నడకే చూద్దాం. స్టేషన్ నుంచి ధారాగిరికి వెళ్లి, మళ్లీ బురుడి దాకా నడిచి, అక్కడ ఆటో ఎక్కడం మన పథకం. మొత్తం సుమారు 20 కిలోమీటర్లు, అంటే నాలుగు గంటలు. ఎత్తుపల్లాలకి ఒక అరగంట. నాలుగున్నరని ఒకటిన్నరతో హెచ్చిస్తే ఆరుముప్పావు గంటలు. టీలకి, భోజనానికి గంటపావు. మొత్తం ఎనిమిది గంటలు. పొద్దున ఎనిమిదింటికి అడుగు వేస్తే సాయంత్రం నాలుగుకి బురుడి. పొద్దు గుంకడానికి మిగిలింది గంట మాత్రమే! ఫొటోల కోసం ఒక గంట పోయిందా, చీకట్లో నడవాల్సిందే. రైలు ఆలస్యమయ్యే భయం ఉంటే ముందురోజు రాత్రే ఘాట్‌శిలలో బస చేయండి. బురుడి నుంచి వెనక్కి తెచ్చే ఆటోవాలాతో పొద్దున్నే మాట్లాడుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. వెనుదిరిగే వేళ ఒకటి ముందే నిర్ణయించండి. పై లెక్కకి అది మధ్యాహ్నం రెండున్నర. రెండున్నరకి జలపాతం చప్పుడు వినిపిస్తున్నా సరే, ఇంకా చేరకపోతే వెనక్కి తిరగాలి. "ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా?" అని ఎవరో ఒకరు అంటారు. అనే హక్కు వాళ్లకుంది. కానీ ఆ వాదన ఇంటి దగ్గర, కుర్చీలో కూర్చుని పూర్తిచేసుకుని రావాలి. అలసిపోయాక, ఆకలేశాక ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు.

3. బలమైన మనిషిని వెనక పెట్టండి

అందరూ చేసేది దీనికి తలకిందులు. గట్టిగా నడిచే కుర్రాణ్ణి ముందు పెడతారు, వాడు గాలిలా పోతాడు. ముందు నడవాల్సింది దారి తెలిసిన, నింపాదైన మనిషి. రిటైరైన ఒక ఫోర్‌మన్ గారో, రోజూ పార్కులో నడిచే ఒక పిన్నిగారో. గుంపులో అందరికంటే బలమైనవాళ్లు, ఓపికున్నవాళ్లు చిట్టచివర ఉండాలి. వాళ్ల వెనక ఎవ్వరూ ఉండకూడదు. మందుల సంచి, అదనపు నీళ్లు, టార్చి లైటు వాళ్ల దగ్గరే.

ఇలా వెనక ఉండేవాళ్లు "ఎక్కడున్నారు? ఎంతసేపు?" అని అరవకూడదు. మెల్లగా నడిచేవాళ్ల పక్కనే నడవాలి, కబుర్లు చెప్పాలి. "మీరు వెళ్లండి బాబూ, నేను మెల్లగా వస్తా" అని పెద్దవాళ్లు అంటారు. అది మొహమాటం. దానికి జవాబు "సరే" కాదు. "నాకూ ఇదే బావుంది అత్తయ్యగారూ, ఆ కుర్రాళ్లతో నేనెక్కడ పరిగెత్తను?" అనాలి. అని, నిజంగానే పక్కన నడవాలి.

ఇంకో నియమం: దారి ఎక్కడ చీలినా ముందువాళ్లు అక్కడ ఆగాలి. వెనకవాళ్లు కళ్లకి కనిపించేదాకా కదలకూడదు. బురుడి దాటాక పల్లెల మధ్య ఎడ్లబండి దారులు ఎటుపడితే అటు చీలతాయి. అన్నీ ఒకేలా ఉంటాయి. ఫోను సిగ్నల్‌ని నమ్ముకోకండి.

4. విశ్రాంతి ఎవరికి దక్కుతోంది?

ఇది కాస్త నిదానంగా చదవండి. గుంపులు విడిపోయేదీ, మనసులు విరిగేదీ ఇక్కడే.

ముందు నడిచే అయిదుగురు ఒక చెట్టు దగ్గర ఆగుతారు. నీళ్లు తాగుతారు, జంతికలు తింటారు, ఫొటోలు దిగుతారు. పావుగంట గడుస్తుంది. అప్పుడు వెనకున్న ఇద్దరు ఆయాసపడుతూ చేరతారు. వాళ్లని చూడగానే ముందువాళ్లు లేచి, బట్టలు దులుపుకుని, "వచ్చేశారు కదా, పదండి" అంటారు. ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. పైగా ఆగి కాచుకున్నామన్న తృప్తి కూడా ఉంటుంది. కానీ ఏం జరిగిందో చూడండి. విశ్రాంతి అక్కర్లేనివాళ్లకి పావుగంట దొరికింది. అది అవసరమైనవాళ్లకి ఒక్క నిమిషం దొరకలేదు. రోజంతా ఇలాగే సాగితే సాయంత్రానికి ఆ ఇద్దరికీ కాళ్లాడవు. "వాళ్లు నడవలేరు" అని ముద్ర పడుతుంది. నిజానికి వాళ్లు ముందువాళ్లు నడిచినంత దూరమే, విశ్రాంతి లేకుండా నడిచారు!

లెక్క ప్రకారం కూడా అదే సరైనదన్నాను కదా, ఇదే ఆ లెక్క. ముందువాళ్లు ఎంత వేగంగా పోయినా గుంపు గమ్యం చేరేది చివరి మనిషి చేరినప్పుడే. ఆ మనిషికి విశ్రాంతి ఇస్తే గుంపు మొత్తం త్వరగా చేరుతుంది. ఇవ్వకపోతే మధ్యాహ్నం రెండున్నర ఎక్కడో సాలచెట్ల మధ్యే అయిపోతుంది.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి: విశ్రాంతి సమయం చివరి మనిషి కూర్చున్న క్షణం నుంచి మొదలవుతుంది. అప్పట్నుంచి పది నిమిషాలు. గంటకోసారి. మళ్లీ లేచేటప్పుడు చివరి మనిషే "పదండి" అనాలి, ఇంకెవరూ అనకూడదు. ఒక్క ఆదివారం ఇలా చేసి చూడండి, మీ గుంపు స్వభావమే మారిపోతుంది.

5. ఆడవాళ్లు నీళ్లు ఎందుకు తాగడం లేదు?

ఎప్పుడైనా గమనించారా? మగవాళ్ల సీసాలు పదింటికల్లా ఖాళీ. ఆడవాళ్ల సీసాలు మధ్యాహ్నం దాకా నిండుగానే ఉంటాయి. దాహం లేక కాదు. దారిలో మరుగుదొడ్డి ఉండదన్న భయంతో. ఫలితం తలనొప్పి, పిక్కలు పట్టేయడం, మర్నాడు మూత్రంలో మంట. దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. మాట్లాడాలి. నడక ఏర్పాటు చేసేవాళ్లు మొదటే, అందరి ముందూ, మామూలు గొంతుతో చెప్పాలి: "స్టేషన్‌లో ఒకసారి ఆగుతాం. బురుడి దగ్గర అరగంట ఆగుతాం. మధ్యలో అవసరమైతే ఇద్దరిద్దరుగా వెళ్లండి, గుంపు ముందుకు పోయి నిలబడుతుంది." ఆ ఒక్క మాటతో సీసాలు ఖాళీ అవడం మొదలవుతుంది. సబ్బు కాగితాలు, పాత వార్తాపత్రికలు, వాడినవి వెనక్కి తెచ్చుకోవడానికి మూతి గట్టిగా బిగించే ఒక సంచి పెట్టుకోండి.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. ఓఆర్‌ఎస్ పొట్లాలు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చిన్న చెంచా, తలగొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువ పడకూడదు.

6. కాళ్లు, కడుపు

కొత్త బూట్లు కొన్నారా? సంతోషం. వాటిని రెండు మూడు వారాలు పార్కులో తొడుక్కుని మెత్తబడ్డాకే కొండకి తీసుకురండి. కాలిగోళ్లు రెండ్రోజుల ముందే కత్తిరించుకోండి. దిగేటప్పుడు పొడుగు గోరు బూటు ముక్కుకి గుద్దుకుని నల్లబడుతుంది. దిగుడు మొదలయ్యే చోట ఆగి లేసులు బిగించండి. మడమ దగ్గర వెచ్చగా అనిపించిన మరుక్షణమే ఆగి టేపు అంటించండి. "ఇంకో మైలేగా" అనుకుంటే బొబ్బ లేస్తుంది. ఇక్కడా మొహమాటమే శత్రువు. చెప్పు కరుస్తోందని చెప్పడానికి సిగ్గెందుకు?

తిండి విషయంలో మనవాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పులిహోర నడకకి పుట్టిన అన్నం. పెరుగన్నం మాత్రం మధ్యాహ్నపు ఎండలో పులుస్తుంది, వద్దు. ఇక్కడి సత్తు పిండిని కూడా అలవాటు చేసుకోండి. నీళ్లలో కలిపి ఉప్పు, నిమ్మకాయ పిండి తాగితే రెండు గంటలు నడిపిస్తుంది. ఒకే పూట కడుపునిండా తినకండి. ముఖ్యంగా ఎక్కే ముందు.

7. అది ఎవరి వాకిలి?

పల్లెలోకి అడుగుపెట్టేముందు స్పీకర్లు ఆపేయండి. సంతాల్ ఇళ్ల మట్టిగోడలు చూసి మీరు ఆగిపోతారు. అంత నున్నగా అలికి, ఎర్రమట్టి, తెల్లమట్టి, నలుపు పట్టీలు పట్టీలుగా తీర్చి ఉంటాయి. గోడ కింద అరుగు, ఆ అరుగుకీ అదే నలుపు అంచు, ఎక్కడా చెయ్యి వణికిన గుర్తు ఉండదు. సంక్రాంతికి ఇంటికి సున్నం వేసి, వాకిట్లో ముగ్గు పెట్టే చేతులు మనవి. ఆ గోడ వెనకున్న శ్రమ మనకి అర్థం కావాలి. ఫొటో కావాలంటే ఆ ఇంటివాళ్లని అడగండి. ఎదురైనవాళ్లకి చేతులు జోడించి "జోహార్" అనండి. ఆ పలకరింపుతో సగం దారి సుగమం అవుతుంది.

చలికాలం అంటే కోతలు, కళ్లాలు. దారి మీద ఆరబోసిన వడ్లు తొక్కకండి, చుట్టూ తిరిగి వెళ్లండి. బావి దగ్గర నీళ్లు అడిగి తోడుకోండి. పిల్లలకి చాక్లెట్లు పంచి, ఆ కాగితాలు అక్కడే వదిలేసి రావడం మంచితనం కాదు. ఏదైనా ఇవ్వాలనిపిస్తే అక్కడి దుకాణంలో మరమరాలు, ఘుగ్నీ కొనుక్కు తినండి. సాలాకు విస్తళ్లు కొనండి.

మన సంక్రాంతి రోజుల్లోనే ఇక్కడ టుసు పండగ. ఊళ్లన్నీ పాటల్లో, మేళాల్లో ఉంటాయి, ఆటోలు, దుకాణాలు దొరకవు. ఆ వారం నడక పెట్టుకోకండి. మేళాకి వెళ్లాలనుకుంటే మేళాకే వెళ్లండి.

8. ఏనుగుల దారిలో

దల్మా అభయారణ్యం. 190 చదరపు కిలోమీటర్లకి పైగా అడవి. పేరు తెచ్చింది ఏనుగులు. దేశంలో మొట్టమొదటి ఏనుగుల రిజర్వుగా 2001లో ప్రకటించిన సింగ్‌భూమ్ రిజర్వులో ఇదీ భాగమే. వాటికి మనుషులు గీసిన సరిహద్దు తెలియదు. వరి పండే కాలంలో మందలు బెంగాల్ వైపు పొలాలదాకా వెళ్లివస్తుంటాయి. కాబట్టి ఘాట్‌శిల లోయలో కూడా జాగ్రత్త అవసరమే.

ఏం చెయ్యాలి? దల్మాకి మాకులాకోచా చెక్‌పోస్టులో అనుమతి తీసుకుని, వాళ్లు చెప్పిన వేళకి బయటికి రండి. ఎక్కడైనా సరే, పొద్దున్న మొదటి ఊళ్లోనే అడగండి: "నిన్న రాత్రి ఏనుగులు ఏమైనా వచ్చాయా?" ఊరివాళ్లు చెప్పే మాటని మించిన సమాచారం ఏ ఫోనులోనూ ఉండదు. వాళ్లు "ఆ దారి వద్దు" అంటే వద్దు, చర్చ లేదు. తాజా పేడ, విరిగిన కొమ్మలు కనిపిస్తే వెనక్కి. కనిపించిన ఏనుగుని వీడియో తీయడానికి ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. ఇప్పపూల వాసన, ఇళ్లలో పులియబెట్టే హండియా అనే బియ్యం బీరు వాసన వాటిని రప్పిస్తాయని ఇక్కడి పల్లెవాళ్లంటారు. మద్యం తెచ్చే మనిషిని గుంపులో చేర్చుకోకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు, మిగతావి ఎలాగూ ఉన్నాయి.

ఎండాకాలంలో ఆదివాసుల సేంద్రా వేట పండగ జరిగే రోజుల్లో కూడా దల్మా వైపు నడక వద్దు. వాళ్ల ఆచారం జరుగుతున్న చోట మనం పిక్నిక్ మనుషులుగా తిరగడం బాగోదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎలాగూ ఈ ఎండలో పగటి నడక మంచిది కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనది.

9. ఒకరు ఆగిపోతే

ఎన్ని చేసినా ఒక్కోసారి ఒకరికి కాలు మడతపడుతుంది, కళ్లు తిరుగుతాయి. అప్పుడు ఎవర్నీ ఒంటరిగా వెనక్కి పంపకండి. ఒంటరిగా కూర్చోబెట్టి "వచ్చేటప్పుడు తీసుకెళ్తాం" అని అసలే వెళ్లకండి. ఇద్దరు తోడు వెళ్లాలి. గుంపు చిన్నదైతే అందరూ వెనక్కి తిరగాలి. ఆరుగురికి తక్కువైతే ఈ దూరం పెట్టుకోకండనేది అందుకే.

వెనక్కి తిరగాల్సి వచ్చిన మనిషి "నా వల్ల మీ అందరి రోజూ పాడైంది" అని పదిసార్లు అంటారు. ప్రతిసారీ "అదేం లేదు" అనడం కంటే ఏదో ఒక పని వాళ్ల చేతికివ్వండి. బురుడి గట్టు మీద టీ చెప్పే బాధ్యత, ఆటోవాలాకి ఫోను, ఫొటోలు అందరికీ పంపడం. చేతిలో పని ఉంటే మనసు కుదుటపడుతుంది.

తిరుగు రైల్లో

కాళ్లు చాపుకుని కూర్చున్నాక, రాఖా మైన్స్ దాటేలోపు రెండు పనులు చేయండి. మొదటిది: ప్రతి ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడగండి, "ఇవాళ ఎక్కడ కష్టమనిపించింది?" అని. మెల్లగా నడిచినవాళ్లని ముందు అడగండి, మిగతావాళ్లు మధ్యలో కల్పించుకోకుండా వినండి. చెప్పింది కాగితం మీద రాసుకోండి, తర్వాతి నడక పథకం ఆ కాగితంతోనే మొదలవ్వాలి.

రెండోది: టాటానగర్ ప్లాట్‌ఫాం మీద దిగకముందే తర్వాతి తేదీ ఖరారు చేయండి, అందరి డ్యూటీలూ చూసుకుని. అలాగే ఈసారి అందరికంటే మెల్లగా నడిచినవాళ్లకి వచ్చేసారి ముందు నడిచే వంతు ఇవ్వండి. ఈసారి ముందుకు దూసుకుపోవాలని చూసిన కుర్రాడికి మందుల సంచి, టార్చి లైటు అప్పుడే చేతికిచ్చేయండి.